మా ఊరి బొక్కల బీడు

మా ఊళ్ళో గొడ్డు చచ్చిందంటే ఆ కబురు ఊరికంటే ముందు ఆకాశానికి తెలిసేది. 1986లో నేను ఐదో తరగతి. కాగజ్‌నగర్ నుంచి బస్సులో గంటసేపు వెళితే మా ఊరు వచ్చేది. అప్పట్లో అంతా ఆదిలాబాద్ జిల్లానే. చెరువు కట్ట దాటాక పడమటి పక్కన రాళ్ళు తేలిన బీడు ఒకటుండేది. చచ్చిన ఎడ్లనూ బర్రెలనూ కాళ్ళకు తాళ్ళు కట్టి, బండికి తగిలించి అక్కడికే ఈడ్చుకెళ్ళేవాళ్ళు. మా దగ్గర ఎముకల్ని బొక్కలంటారు. ఎటు చూసినా అవే తెల్లగా మెరుస్తుండేవి కాబట్టి దానికి బొక్కల బీడు అని పేరు. దాన్ని ఆనుకునే మా మక్క చేను. చేనుకు కావలి వెళ్ళిన రోజుల్లోనే నేను రాబందుల్ని చూశాను. ఇప్పటి పిల్లలు కాకుల్ని చూసినంత మామూలుగా చూశాను.

మా బాపు పశువుల దవాఖానలో కాంపౌండర్. ఆయన సైకిల్ వెనక క్యారియర్ మీద ఒక అల్యూమినియం డబ్బా ఉండేది. మూత తీస్తే స్పిరిట్ వాసన. అందులో గాజు సిరంజీలు, లావుపాటి సూదులు, దూది. చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళకు ఆయనే డాక్టరు. గాలికుంటుకు, పొదుగువాపుకు, గొంతువాపుకు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవాళ్ళు. లాంతరు పట్టుకుని బయలుదేరేవాడు. ఎద్దు బతికితే ఆయన ముఖం వెలిగిపోయేది. పోతే మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

ఆ ఏడాది చలికాలంలో మా పక్కింటివాళ్ళ దుక్కిటెద్దు ఒకటి పోయింది. తెల్లవారకముందే దాన్ని బీట్లోకి చేర్చారు. నేనూ చేను వంకతో వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. తోళ్ళ తాత అప్పటికే పని మొదలుపెట్టాడు. ఆయన అసలు పేరు పిల్లలెవరికీ తెలియదు. చచ్చిన గొడ్ల తోలు తీసి, ఉప్పు పెట్టి అమ్మడం ఆయన పని. రాబందుల గురించి నాకు తెలిసిన మొదటి పాఠాలన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే.

"అవి ఇంక రాలేదేంది తాతా?" అని అడిగాను.

"పొద్దెక్కనీ బిడ్డా. గాలి కాగాలె. అవి రెక్కలు కొట్టి ఎగిరే పిట్టలు గావు" అన్నాడు.

చెరువు కట్ట మీది మర్రిచెట్టు వైపు చూపించాడు. పైకొమ్మల్లో పదిహేనిరవై రాబందులు కూర్చున్నాయి. కొన్ని రెక్కలు బారుగా చాపి, తడిబట్టలు ఆరేసినట్టు ఎండకు పెట్టుకున్నాయి. అవి తెల్లవీపు రాబందులు. మూసి ఉన్నప్పుడు నల్లగా కనబడతాయి, రెక్క విప్పితే నడుం మీద తెల్లటి మచ్చ. అయిదారు కిలోల పక్షి, రెక్కలు చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్ల పైమాటే. అంత బరువును రెక్కలు ఊపుకుంటూ రోజంతా మోయాలంటే తిన్నదంతా ఆ కష్టానికే అయిపోతుంది. అందుకే ఎండకు నేల కాగి, వేడిగాలి పైకి లేచేదాకా ఓపిక పడతాయి. ఆ గాలిలోకి దూరి గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు వెళ్ళిపోతాయి. అక్కడి నుంచి రెక్క కదపకుండా జారుతూ ఇంకో వేడిగాలిని అందుకుంటాయి. వెడల్పాటి రెక్కల చివర ఈకలు చేతివేళ్ళలా విడివిడిగా ఉంటాయి. వాటి సందుల్లోంచి గాలి పోవడం వల్లే అంత నెమ్మదిగా తిరుగుతున్నా కిందికి పడిపోవు.

చిన్నప్పుడు బాపు రాత్రిపూట రామాయణం చెప్పేవాడు. కిష్కింధకాండలో సంపాతి వానరులకు పక్షుల దారుల గురించి చెబుతాడు. గింజలు తినే పిట్టలది మొదటి దారి, బలి మెతుకులు తినే కాకులదీ పండ్లు తినే పక్షులదీ రెండోది, ఆ పైన క్రౌంచాలు, వాటి పైన డేగలు, అయిదో దారి గృధ్రాలది. గృధ్రాలంటే జటాయువు, సంపాతి వంశం వాళ్ళే, మన రాబందులు. వాటి పైన హంసలు, అందరికన్నా పైన గరుత్మంతుడు. పుట్టుకతోనే మా చూపు అంత దూరం పోతుంది, ఇక్కడి నుంచే సీత కనిపిస్తోంది అంటాడు సంపాతి. అది కవి ఊరికే కల్పించాడని నేను అనుకోను. పైకి చూస్తూ గడిపినవాళ్ళెవరో చెప్పి ఉంటారు. 1973లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ మీదుగా పోతున్న విమానానికి 37,000 అడుగుల ఎత్తులో రూపెల్ రాబందు ఒకటి తగిలింది. పక్షి అంత ఎత్తులో ఎగిరినట్టు ఇంకెక్కడా నమోదు కాలేదు. మనిషికి ఊపిరి అందని చోట దానికి అందుతుంది. దాని నెత్తుటిలోని హిమోగ్లోబిన్ అంత పలచని గాలిలోంచి కూడా ప్రాణవాయువును లాక్కోగలదు.

మళ్ళీ ఆ రోజు దగ్గరికి వస్తాను. తొమ్మిది దాటాక మర్రిచెట్టు మీద కదలిక మొదలైంది. ఒకటి లేచింది, తర్వాత రెండు. కాసేపటికి తలెత్తి చూస్తే దక్షిణం వైపు చిన్న చుక్క. ఆ చుక్క పెద్దదవుతూ ఉండగానే దాని వెనక ఇంకో మూడు. తోళ్ళ తాత ఇంకా తోలు మడత పెట్టనే లేదు, ఆకాశం నిండిపోయింది. వాసన పట్టి వస్తున్నాయని నేననుకున్నాను. కాదన్నాడు తాత. తర్వాత చదువుకుంటే ఆయన మాటే నిజమని తేలింది. మన రాబందులకు ముక్కు కంటే కన్నే ఆధారం. ఒక్కొక్కటీ ఆకాశంలో కొంత మేర పంచుకున్నట్టు తిరుగుతూ, కిందికి ఒక కన్ను, పక్కవాడి మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది. ఒకటి దిగితే దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఆ పక్కది. అలా మైళ్ళ దూరానికి కబురు పోతుంది.

దిగడం మాత్రం అందంగా ఉండదు. కాళ్ళు ముందుకు చాపి, రెక్కలు సగం మడిచి, గాలిని చీల్చుకుంటూ వచ్చి దబ్బున పడతాయి. ఆ రెక్కల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, పెద్ద దుప్పటి దులిపినట్టు. నేల మీద గెంతుతూ నడుస్తాయి. వాటి కాళ్ళు డేగ కాళ్ళలా పట్టుకుని ఎత్తుకుపోయేవి కావు. గోళ్ళు మొద్దుగా, పాదాలు నడవడానికి వీలుగా చదునుగా ఉంటాయి. బతికున్నదాన్ని చంపే సత్తువ ఆ కాళ్ళకు లేదు. కోడిపిల్లనెత్తుకుపోయే గద్దను రాళ్ళేసి తరిమిన మా అవ్వ, రాబందును ఏనాడూ అదిలించలేదు.

తాత తోలు ముందే తీసేయడం వాటికి మేలయ్యేది. తీయకపోతే ఎద్దు తోలును చీల్చలేక కళ్ళ దగ్గర, నోటి దగ్గర, తోక కింద మెత్తటి చోట్లు వెతుక్కోవాల్సి వస్తుంది. ఇక తినడం మొదలయ్యాక అక్కడ యుద్ధమే. బుసలు, కీచులు, ఒకదాని మీద ఒకటి ఎక్కడం. పొడుగాటి మెడను డొక్కలోపలికి పూర్తిగా దూర్చి, నెత్తురుతో తడిసి బయటికి తీసేవి. అప్పుడు అసహ్యమేసి నేను మొహం తిప్పుకున్నాను.

"గా బోడి మెడను జూసి ఏవగించుకోకు బిడ్డా. ఈకలుంటే నెత్తురంటుకోని కుళ్ళిపోవు. దేవుడు సూసే పెట్టిండు" అన్నాడు తాత.

ఆ బోడి మెడకు ఇంకో పని కూడా ఉంది. ఎండ మండుతున్నప్పుడు మెడ చాపితే ఒంట్లోని వేడి ఆ చర్మం గుండా పోతుంది. చలివేస్తే మెడను ముడిచి భుజాల ఈకల్లో దాచుకుంటుంది.   

నాలుక మీద వెనక్కి తిరిగిన ముళ్ళుంటాయి, మాంసాన్ని ఎముక మీంచి గీరి లోపలికి నెట్టడానికి. మెడ కింద సంచి ఉంటుంది. దొరికిన రోజు దొరికినట్టు ఆ సంచిలో కిలోదాకా నింపుకుని, తర్వాత కొన్ని రోజులు ఏమీ లేకపోయినా తట్టుకుంటాయి. ఆ రోజు తిన్నాక కొన్నింటి మెడ కింద ముద్ద కట్టినట్టు సంచి ఉబ్బింది. మా కుక్క ఉరికేసరికి ఒక రాబందు లేవలేకపోయింది. పదడుగులు పరుగెత్తింది, ఆగింది, తిన్నదంతా కక్కేసి, బరువు తగ్గించుకుని అప్పుడు లేచింది.

మధ్యలో ఎర్రతల రాబందుల జంట ఒకటి వచ్చింది. మిగతావన్నీ కాస్త ఎడం ఇచ్చాయి. తాత దాన్ని రాజు అనేవాడు. ఆ తర్వాత ఆ జంటను నేను మరో నాలుగైదు సార్లు చూసి ఉంటాను, అంతే.

మధ్యాహ్నం అన్నాల వేళకల్లా అక్కడ ఎముకలు తప్ప ఏమీ లేవు. వాసన కూడా లేదు. కొన్నాళ్ళకు ఎముకలు ఏరుకునేవాళ్ళు వచ్చి బస్తాలకెత్తుకుపోయారు, ఎరువుల మిల్లుకు.

ఇంటికొచ్చి బాపును అడిగాను, అంత కుళ్ళినది తింటే వాటికి రోగాలు రావా అని. బాపు దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ గురించి చెప్పాడు. దొమ్మతో చచ్చిన గొడ్డును కోయకూడదు, ముట్టకూడదు, లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి. ఆ క్రిమి మట్టిలో ఏళ్ళ తరబడి చావకుండా ఉంటుంది, మనిషికీ అంటుతుంది. అలాంటి గొడ్డును తిన్నా రాబందుకు ఏమీ కాదు. దాని కడుపులోని ఆమ్లం మనం బ్యాటరీలో పోసే దానితో పోల్చదగినంత ఘాటు. రోగక్రిములు చాలావరకు అందులోనే చచ్చిపోతాయి. "నా డబ్బాల ఉన్న మందులన్ని కలిపినా దాని కడుపుకు సాటి రావురా" అని బాపు ఎంతో గౌరవంగా అన్నాడు. ఆ మాట నాకు చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ గుర్తొచ్చింది. ఎప్పుడు, ఎలా అన్నది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

1990ల మధ్యలో పశువులకు కొత్తగా ఒక నొప్పుల సూది వచ్చింది. డైక్లోఫెనాక్. మనుషులకు ఎప్పటి నుంచో వాడుతున్నదే. చవక. కుంటుతున్న ఎద్దుకు పొద్దున వేస్తే సాయంత్రానికి లేచి మేత మేసేది. జ్వరం దిగేది, వాపు తగ్గేది. రైతులు దాని కోసమే అడిగేవారు. బతకదని తెలిసిన ముసలి బర్రెకు కూడా, కనీసం నొప్పి లేకుండా పోతుందని బాపు ఆ సూది వేసేవాడు. ఒక్కోసారి డబ్బులు కూడా అడిగేవాడు కాదు.

నేను అప్పుడు వరంగల్‌లో డిగ్రీ. సెలవులకు వచ్చినప్పుడల్లా మర్రిచెట్టు మీద పక్షులు తగ్గుతున్నట్టు అనిపించేది. ఒకసారి మూడే ఉన్నాయి. అందులో ఒకటి మెడ వేలాడేసి, నిద్రపోతున్నట్టు కూర్చుంది. నేను పొద్దున చూసినా, సాయంత్రం చూసినా అలాగే ఉంది. బాపుకు చూపించాను. ఏదో తెగులు తగిలినట్టుందన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ జాతీయ పార్కులో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త అలా మెడలు వేలాడేసిన రాబందుల్ని గమనించి లోకానికి చెబుతున్నాడని మాకెలా తెలుస్తుంది?

1999 వేసవిలో మా సొంత బర్రె పోయింది. బొక్కల బీట్లో వేశాం. రెండు రోజులైనా ఆకాశంలో చుక్క లేదు. మూడో రోజుకు ఊళ్ళోకి వాసన కొట్టింది. ఎక్కడెక్కడి కుక్కలో చేరాయి. చేను వైపు వెళ్ళాలంటే కర్ర పట్టుకుని ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్ళేవాళ్ళం. ఆ ఏడాదే మా వాడలో ఒక పిల్లవాణ్ణి కుక్క కరిచింది. తోళ్ళ తాత అప్పటికి లేడు. ఉంటే ఏమనేవాడో.

2004లో శాస్త్రవేత్తలు పాకిస్తాన్‌లో పరిశోధించి అసలు కారణం కనిపెట్టారు. ఆ సూది వేశాక కొద్ది రోజుల్లో చచ్చిన గొడ్డును తింటే రాబందు మూత్రపిండాలు పాడైపోతాయి. ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకుపోయి, గుండె మీదా కాలేయం మీదా తెల్లగా సుద్ద పూసినట్టు గడ్డకడుతుంది. అక్కడి నుంచి రోజుల్లో ప్రాణం పోతుంది. దొమ్మ రోగాన్ని అరిగించుకున్న పక్షి మా బాపు డబ్బాలోని మందును అరిగించుకోలేకపోయింది. 1992కూ 2007కూ మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి. అవి ఏడాదికి ఒకే గుడ్డు పెడతాయి, పిల్ల ఎదిగి తాను గుడ్డు పెట్టడానికి అయిదేళ్ళు పడుతుంది. దీర్ఘాయువు ఉన్న పక్షికి అది చాలు. కానీ పెద్దవి ఒక్కసారిగా చచ్చిపోతుంటే ఆ లెక్క సరిపోదు.

2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. బదులుగా మెలాక్సికామ్ వాడమన్నారు, దానితో రాబందులకు ప్రమాదం లేదు. బాపుకు అదే సర్వీసులో చివరి ఏడాది. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని అరుగు మీద కూర్చుని చదివాడు. మళ్ళీ చదివాడు. అవ్వ అన్నానికి పిలిచినా లేవలేదు.

"నేను ఎద్దు నొప్పే సూసిన. అది సచ్చినంక ఎవలు తింటరో సూడలే" అన్నాడు చివరికి.

ఆయన్ని ఓదార్చాలని నేను ఒక లెక్క చెప్పాను. ఆ పక్షులు అంతగా తగ్గిపోవడానికి ప్రతి గొడ్డులో మందు ఉండక్కర్లేదట, 130 నుంచి 760 కళేబరాల్లో ఒక్కదానిలో ఉన్నా చాలట. నువ్వు సూది వేసిన గొడ్లన్నీ కారణం కాదు కదా బాపూ అన్నాను.

"అంటే ఒక్కటి సాలన్నట్టే గద" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక్క గొడ్డు దగ్గరికి ఆకాశమంతా దిగి రావడం నేను కళ్ళారా చూసినవాణ్ణి. కబురు అందించుకుని అందరూ కలిసి తినే ఆ తీరే వాటిని బతికించింది. మందు వచ్చాక అన్నింటినీ ఒకేసారి ముంచిందీ అదే. మా బాపుది తప్పని నేను ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. రిటైరయ్యాక చుట్టుపక్కల మందుల షాపులన్నీ తిరిగి, మనుషుల కోసం వచ్చే డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువులకు అమ్మొద్దని బతిమాలేవాడు. 2015లో ఆ పెద్ద సీసాల్ని కూడా ఆపేసినప్పుడు ఫోన్ చేసి నాకు చెప్పాడు. పశువుల ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారిపోయే అసెక్లోఫెనాక్‌ను ఆపడానికి మాత్రం 2023 దాకా పట్టింది.

ఈ మధ్య పేపర్లో వడ్డీ వ్యాపారుల గురించి "రాబందుల్లా పీక్కుతింటున్నారు" అని రాస్తే నాకు బాధేస్తుంది. రాబందు ఎవరి బతుకునూ పీక్కు తినదు. 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తీసి చెప్పారు: రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 లోపు మన దేశంలో దాదాపు అయిదు లక్షల మంది అదనంగా చనిపోయారని. కుళ్ళిన నీళ్ళు, పెరిగిన కుక్కలు, రేబిస్.

2013లో మా జిల్లాలోనే, బెజ్జూరు అడవుల్లో పెద్దవాగు పక్కనున్న పాలరాపు గుట్ట మీద రాబందులు కనబడ్డాయని తెలిసింది. మా మర్రిచెట్టు మీదివి కావు, కొండ చరియల్లో గూడు కట్టే పొడుగు ముక్కు రాబందులు. మూడేళ్ళ తర్వాత జనవరిలో బాపును తీసుకుని వెళ్ళాను. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిది. వాగు ఇవతల ఒడ్డున ఇసుకలో కూర్చున్నాం. ఎదురుగా నిట్టనిలువు బండ, దాని మీద పైనుంచి కిందికి సున్నం కారినట్టు తెల్లటి చారలు. బైనాక్యులర్స్ ఆయన చేతికిచ్చాను. చేతులు వణుకుతుంటే నేను వెనక నుంచి పట్టుకున్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తొమ్మిదిన్నర దాటాక ఒకటి బండ అంచు మీంచి ఊరికే ముందుకు వాలింది. రెక్క కొట్టలేదు. వేడిగాలిలో తేలి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకొకటి. ఆ రోజు మేం లెక్కపెట్టినవి పదకొండు. ఒక చరియలో గూడు, గూట్లో పిల్ల. పెద్దది దాని పక్కనే రెక్క అడ్డం పెట్టి ఎండ పడకుండా నిలబడింది.

అడవిశాఖ తరఫున కాపలా కాసే గోండు కుర్రాడొకడు మా పక్కన కూర్చున్నాడు. వీటికి అప్పుడప్పుడు గొడ్డు మాంసం తెచ్చి పెడతామని చెప్పాడు.

బాపు బైనాక్యులర్స్ దించాడు. "సూది ఏసిన గొడ్డు గాదు గద బిడ్డా?"

"కాదు సార్. మందులు వాడలేదని అడిగి, చూసుకునే తెస్తం."

"ఏ మందు అని అడుగుతరు?"

కుర్రాడు పేర్లు చెప్పాడు. బాపు ఒక్కొక్కటీ విని తలూపాడు. ఒక పేరు కుర్రాడు మర్చిపోతే, జేబులోంచి పెన్ను తీసి వాడి అరచేతిలో రాశాడు. తర్వాత మళ్ళీ బైనాక్యులర్స్ అందుకుని, ఆ గూడు ఏ వైపుందో చూపించమని నన్నడిగాడు.